గుల్లలు పట్టిన ఆరో కాలు

ఆషాఢ శుద్ధ నవమి

సముద్రం మీద ఊరిని మోసే ఈ పన్నెండో మంచె ప్రాథమిక పాఠశాలలో పాఠం చెప్పేవాళ్ళు రోజువారీ విశేషాలు రాసి పాలకమండలికి అందజేయాలట. అందజేసినవి ఎవరూ చదవరని నాకు ముందున్న కుర్ర మాస్టారు వెళ్తూ వెళ్తూ చెప్పాడు. అతను ఉద్యోగం వదిలి మెట్ట ప్రాంతానికి పోయాడు, అక్కడ ఇంకా నేల ఉందని. ఎవరూ చదవరని ఖాయంగా తెలిసినచోట నిజం రాయడంలో ఒక సుఖం ఉంది. అందుకే ఈ పని ఒప్పుకున్నాను.

నా పేరు సుభాషిణి. పుట్టిన పిల్ల మొహం చూసి మా నాన్న పెట్టిన పేరు. మాట వినేదాకా ఆగి ఉంటే ఇంకేదైనా పెట్టేవాడు. కాగితం మీద పత్రికలు అచ్చయిన చివరి రోజుల్లో నేను సబ్‌ఎడిటర్ని. విలేఖరులు పంపినదాంట్లో నిజం ఏరడం నా పని. రాళ్ళలో బియ్యం ఏరినట్టుండేది. ఆ అనుభవం చూసి నన్ను ఇక్కడ వేశారనుకుంటే పొరపాటు. మండలి అధ్యక్షుడు సత్తిపండు మా మరిది కొడుకు. ఇంట్లో కూర్చుంటే నేను వాడి గురించి మాట్లాడతానని, ఏదో ఒక పనిలో పెట్టాడు.

మూడో తరగతికి నేను చెప్పవలసింది 'ఆధారాలు చూపడం, ఆధారాలు తూచడం' అనే పాఠం. పిల్లలు పదిహేడు మంది. మొదటి ప్రశ్నగా సముద్రం ఎందుకు ఉప్పగా ఉంటుందని అడిగాను. నూకరత్నం అనే పిల్ల లేచి చేతులు కట్టుకుని, "ఆరు వందల ఆధారాలండీ," అంది.

ఎందుకని అడిగానమ్మా, ఎన్నని కాదు అన్నాను. పిల్ల నాకేసి జాలిగా చూసి కూర్చుంది.

తప్పు దానిది కాదు. ఇక్కడ ప్రతి ఇంటి గోడకూ ఒక పెట్టె ఉంటుంది. ఏది అడిగినా చెబుతుంది. చెప్పి, చివర్న ఈ మాటకు ఇన్ని ఆధారాలున్నాయని ఒక అంకె వేస్తుంది. జనం జవాబు వినడం ఎప్పుడో మానేశారు, అంకె ఒక్కటే వింటారు. మొన్న మా పక్కింట్లో పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు, కుర్రాడు బుద్ధిమంతుడనడానికి నలభై ఆధారాలు చెప్పారు. పిల్ల తండ్రి యాభై అయితేగాని ఇవ్వనన్నాడు. నేను దాన్ని చెప్పుడు పెట్టె అంటాను. చెప్పుడు మాటలు వినే అత్తగారికి, ఈ మంచె మీది పెద్దమనుషులకు తేడా లేదు. అత్తగారికి కనీసం కోడలి మీద కోపమైనా ఉంటుంది.

త్రయోదశి

ఆషాఢం కదా, ఆడపిల్లలందరూ గోరింటాకు పెట్టుకొచ్చారు. ఎర్రగా పండితే మంచి మొగుడొస్తాడని ఒకతి ప్రకటించింది. తొమ్మిది వందల ఆధారాలట. నాకు పెళ్ళికి ముందు ఆషాఢంలో మందారంలా పండిందర్రా, తరువాత వచ్చింది మీ సత్తిపండు గారి పెదనాన్న, అని ఊరుకున్నాను. ఒక మాటకు ఎదురు సాక్ష్యం ఉండవచ్చునని తరగతికి మొదటిసారి తట్టింది.

తరువాత ఒక పని చేశాను. నూకరత్నాన్ని దగ్గరకు పిలిచి, ఈ మధ్యాహ్నం బెల్లం పొంగలి పెడతారు, ఎవరికీ చెప్పకే, అని చెవిలో అన్నాను. గంట కొట్టేసరికి పదిహేడు మందీ చేతులు కడుక్కుని బారుగా నిలబడ్డారు. పొంగలి ఉందని ఎవరు చెప్పారని ఒక్కొక్కరినే అడిగాను. వాడు చెప్పాడు, ఆమె చెప్పింది, వీడు చెప్పాడు. అందరినీ వెనక్కి నడిపించుకుంటూ వెళ్తే నూకరత్నం దగ్గర తేలారు. అది నన్ను చూపించింది.

"పదిహేడు మంది అన్నారు కదా, మరి పొంగలేదీ?" అన్నాను.

ఎప్పటి చేపల పులుసే వచ్చింది. పిల్లలు నా మీద అలిగారు. అలిగితే అలిగారు. పదిహేడు నోళ్ళ వెనక ఒక్క ముసలిది ఉండవచ్చునన్న సంగతి ఆకలి మీదున్నప్పుడు నేర్చుకున్నారు కాబట్టి మరిచిపోరు. ఈ ముక్క మండలి సభ్యులకు నేర్పాలంటే ఎన్ని పూటలు పస్తులుంచాలో.

పౌర్ణమి

నిండు పోటు. అలలు కాళ్ళను కొడుతుంటే తరగతి గదిలో నేల గురగురమంది. కాళ్ళంటే మంచెను మోసే కాంక్రీటు స్తంభాలు. తూర్పు మూలనున్న ఆరో కాలు మీద నిలిచింది మా బడి ఒక్కటే.

విరామంలో మగపిల్లలు గోలీలు ఆడుతున్నారు. ఎటు వేసిన గోలీ అయినా తిన్నగా తూర్పు మూలకే దొర్లుతోంది. గురిలేని వెధవలని కసిరి నేనూ ఒకటి వేశాను. నాదీ అటే పోయింది.

పూర్వం ఏటా వేసవిలో మనుషులను తాళ్ళతో దించి, కాళ్ళకు పట్టిన గుల్లలు గీకించేవాళ్ళు. గీకితే కింద పగుళ్ళు కనపడేవి, పూడ్చేవాళ్ళు. ఒక ఏడు ఎవరో మహానుభావుడికి ఈ ఖర్చు అవసరమా అని అనుమానం వచ్చి పెట్టెను అడిగాడు. గుల్లలు పట్టిన స్తంభం గట్టిపడుతుందని పెట్టె సెలవిచ్చింది. ఇంకేం, గీకడం ఆపేశారు. గీకే పారలు కరిగించి మండలి భవనానికి గంట పోయించుకున్నారు. అంతకుముందే ఇంజినీరు ఉద్యోగం కూడా తీసేశారు, పెట్టె ఉంది కదా అని.

సాయంత్రం సత్తిపండు దగ్గరికి వెళ్ళాను. అమావాస్య పోటు దీనికంటే పెద్దది, ఈలోగా బడిని పడమటి వైపుకు మార్చమన్నాను. వాడు నాకు కుర్చీ వేయించి, టీ ఇప్పించి, పెట్టెను అడిగాడు. నాలుగు వందల పన్నెండు ఆధారాలు. వాడి మొహం విస్తరి ముందు కూర్చున్న పెళ్ళివారి మొహంలా వెలిగింది.

"నువ్వు ఊరికే కంగారు పడతావు పెద్దమ్మా. గుల్లలు పట్టేకొద్దీ బలమంట. మన ఆరో కాలికి పట్టినన్ని ఇంకే మంచెకీ లేవు తెలుసా?" అన్నాడు.

గర్వంగానే అన్నాడు. నేనే పిల్లలను వేరేచోట కూర్చోబెట్టుకుంటానన్నాను. కుదరదట. హాజరు వేసే పెట్టె బడి గదిలోనే ఉంది. గదిలో లేని పిల్ల బడికి రానట్టు. బడికి రాని పిల్ల ఇంటికి మంచినీళ్ళ వాటా సగం కోత. చుట్టూ ఇంత సముద్రం పెట్టుకుని ఇక్కడ మనుషులు భయపడేది నీళ్ళు లేకపోవడానికే. కాబట్టి పదిహేడు మంది పిల్లలు అమావాస్యనాడు కూడా ఆ గదిలోనే కూర్చుంటారు. మేము గోలీల ఆట మానేశాం. చూడాలంటే భయంగా ఉంది.

బహుళ తదియ

పాఠం: ఎవరు చెప్పారు, వాళ్ళకెలా తెలుసు, చూశారా, విన్నారా, చెప్పినందువల్ల వాళ్ళకేమిటి లాభం.

తలా ఒక మాట పట్టుకుని మొదలు దాకా వెనక్కి వెళ్ళమన్నాను. నూకరత్నం గుల్లల మాట తీసుకుంది. నేను ఇవ్వలేదు. తూర్పు మూల బల్ల దానిదే, పలక నిలవకుండా జారిపోతోందట.

పెట్టెను ఎవరు చెప్పారని అడిగితే ఒక పేరు చెబుతుంది. వాళ్ళకెవరు చెప్పారంటే ఇంకోటి. మూడోసారి అడిగితే, మీ ప్రశ్నకు ఇదివరకే జవాబు వచ్చింది, అని విసుక్కుంటుంది. పెద్దవాళ్ళెవరూ ఆ విసుగు దాటి వెళ్ళలేదు. గోడ మీది డబ్బా తమను తెలివితక్కువవాళ్ళనుకుంటుందేమోనని పరువు. ఎనిమిదేళ్ళ పిల్లకు పరువేమిటి? అమ్మ విసుక్కున్నా అడుగుతుంది, నాన్న విసుక్కున్నా అడుగుతుంది. పెట్టె ఒక లెక్కా? నూకరత్నం, దాని నేస్తాలు వంతులు వేసుకుని దాన్ని పీక్కుతిన్నారు.

పంచమి

తేలింది. నాలుగో మంచెకు ఏడో మంచె చెప్పింది, ఏడో దానికి రేవు సంఘం, రేవు సంఘానికి మళ్ళీ నాలుగో మంచె. కొన్నిచోట్ల మన పన్నెండో మంచె పేరే వచ్చింది. మన కాళ్ళు ఇంకా నిలబడి ఉన్నాయి కాబట్టి గుల్లలు మంచివని. ఆ దారులన్నీ ఎంత తిరిగినా చివరకు ఒకేచోట ఆగుతున్నాయి. మూడో తరగతి పుస్తకం, ఆధారాలు చూపడం అనే పాఠం.

అంటే నేను చెబుతున్న పాఠమే. ఇన్నాళ్ళూ పుస్తకం విప్పకుండానే చెప్పుకొచ్చాను, ఇప్పుడు తెరిచి చూశాను. నిజమే, ఉంది. "గుల్లలు పట్టిన స్తంభం గట్టిపడుతుంది." దాని కింద ఏమీ లేదు. అచ్చులో ఉన్న వాక్యం నా వైపు, దాని తండ్రి ఎవరో నన్నే చెప్పమన్నట్టు చూసింది.

షష్ఠి

పుస్తకం రాసిన మార్కండేయులు గారు తొమ్మిదో మంచె మీద ఉంటారు. నూకరత్నాన్ని తీసుకుని పడవలో వెళ్ళాను. పాటు సమయం, నీరు బాగా దిగింది. పడవవాణ్ణి ఆరో కాలు పక్కనుంచి పోనిమ్మన్నాను. గుల్లల పొర ఒకచోట పలకలా ఊడి వేలాడుతోంది. దాని వెనక పగులు, పగుల్లో తుప్పుపట్టి ఉబ్బిన ఇనప ఊచ. నూకరత్నం తెడ్డు చాచి మెల్లగా తాకింది. పిడికెడు కాంక్రీటు రాలి నీళ్ళలో పడింది. ఆ పిల్ల తెడ్డు వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

మార్కండేయులు గారు పెద్ద పండితుడు. ఆ సంగతి ముందు ఆయనే చెప్పారు, తరువాత వాళ్ళావిడ చెప్పింది. రెండూ ఒకటే ఆధారమని నూకరత్నం నా చెవిలో అంది. విషయం విప్పేసరికి ఆయన చేతిలో విసనకర్ర ఆగింది.

"అది తప్పు వాక్యమమ్మా. పిల్లలు గుడ్డిగా నమ్మకూడదని నేర్పడానికి నేనే పుట్టించాను. కింద ప్రశ్న ఉండాలే, ఈ మాట నమ్మవచ్చా, ఎవరిని అడిగి తెలుసుకుంటావు, అని. ప్రశ్నలేమయ్యాయి?"

ఆయన దగ్గరున్న మొదటి ముద్రణ పక్కన మా పుస్తకం పెట్టి చూస్తే తేలింది, రెండో ముద్రణలో పేజీలు తగ్గించడానికి ప్రశ్నలన్నీ ఎత్తేశారు. ఆయనకు తెలియదు. రాసినవాళ్ళకు తమ పుస్తకం రెండో ముద్రణ చదివే అలవాటు ఉండదు, అచ్చయిందని విని మురిసిపోవడంతో సరిపోతుంది. నమ్మవద్దని నేర్పడానికి రాసిన మాటను దేశమంతా నమ్మింది. ఎందుకు నమ్మిందంటే, ఆధారాలు చూపడం నేర్పే పుస్తకంలో ఉంది కాబట్టి. దీనికి నవ్వాలని ఉంది. కాని ఆ ఊచ కళ్ళముందు కదులుతోంది.

అష్టమి

మండలి సమావేశం. మార్కండేయులు గారు పట్టు కండువా వేసుకుని వచ్చి, ఆ వాక్యం అబద్ధమని, కర్త తానేనని నిండు సభలో చెప్పారు. పెద్ద మనసే కావాలి అందుకు, కాదనను. సభ్యులు తలలూపారు. సత్తిపండు పెట్టెను అడిగాడు. గుల్లల వైపు నాలుగు వందల పన్నెండు. మార్కండేయులు గారి వైపు ఒకటి.

పాతికేళ్ళు సబ్‌ఎడిటర్ని, ఓపిక పట్టాను. ఆ నాలుగు వందల పన్నెండూ ఈయన ఒక్కడే, ఈయన ఇప్పుడు కాదంటున్నాడు, కాబట్టి అక్కడ మిగిలింది సున్నా, అని పాలు పట్టినట్టు చెప్పాను. ఒక సభ్యుడు, అలాగైనా నాలుగు వందల పదకొండు మిగులుతాయి కదండీ, అన్నాడు. ఆయన మండలిలో లెక్కలు చూస్తాడు.

పగులు మేం కళ్ళారా చూశామన్నాను. చూడటం ఆధారం కిందకు రాదట. పెట్టెలో చేరిందే ఆధారమట.

అప్పుడు నాతో వచ్చిన నూకరత్నం బల్ల ఎక్కి నిలబడింది. "ఆ నాలుగొందల మందిలో ఎవరన్నా కాలు సూశారాండీ?" అంది.

ఒకాయన గొంతు సవరించుకున్నాడు. ఇంకొకాయన ఎవరి వైపూ చూడకుండా ఉండటానికి పెట్టె వైపు చూశాడు. సత్తిపండు నవ్వి, పిల్ల ఎంత చక్కగా మాట్లాడిందో అన్నాడు. సభ చప్పట్లు కొట్టింది. దానికి ఒక పూతరేకు ఇచ్చి, సమావేశాన్ని టీ కోసం వాయిదా వేశారు. పూతరేకు పిల్ల తినలేదు. పొట్లం విప్పకుండా తెచ్చి నాకిచ్చింది. నేనూ తినలేదు.

ద్వాదశి

బడి తలుపు పట్టడం లేదు. ద్వారబంధం ఒరిగి, పైన మూల బిగుసుకుని, కింద జానెడు సందు ఉంది. మండలివారు మనిషిని పంపారు, తలుపు కింది భాగానికి చెక్క ముక్క కొట్టి వెళ్ళాడు. మా మంచె పాలన అంతా ఆ చెక్క ముక్కే.

చతుర్దశి

రేపు అమావాస్య. ఇవాళ బడి వదిలాక తల్లులను బడి గుమ్మం ముందుకు పిలిపించాను. ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. వీళ్ళు నన్ను నమ్మితే, పెట్టెను నమ్మినట్టే కదా, పెట్టె మారుతుందంతే. చూసినది చూసినట్టు ఎవరో ఒకరు చెబితే చాలని, నూకరత్నాన్ని మాట్లాడమన్నాను. అది నేను చెప్పినట్టు చెప్పలేదు. ఎప్పుడు చూసింది, పోటా పాటా, ఎంత దగ్గర్నించి, పక్కన ఎవరున్నారు, తెడ్డు తాకితే ఏం రాలింది, అన్నీ వరుసన చెప్పింది. తనకు తెలియనివి కూడా చెప్పింది. రేపు పడుతుందో లేదో తెలవదండి, మిగతా కాళ్ళు నేను సూడలేదండి, అంది. ముప్పై మంది విలేఖరుల్లో ఒక్కడు కూడా నాకు అలాంటి వార్త పంపిన పాపాన పోలేదు.

ఒకావిడ గదిలో కాలుపెట్టి, తలుపు వేయబోయి, కింద కొట్టిన చెక్క ముక్క చూసి ఆగిపోయింది. ఇంకొకావిడ నీళ్ళ కోత గురించి ఎత్తింది. వేసవి దాకా వాటా సగమైతే చంటిపిల్లలు ఉన్న ఇల్లు గడవదు, ఆ భయం దొంగది కాదు. చాలాసేపు గుసగుసలాడుకున్నారు. చివరకు నూకరత్నం తల్లి అప్పలకొండ చీర కుచ్చిళ్ళు దోపుకుని లేచింది.

"నీళ్ళు పోతే ఇరుగుపొరుగుని అడిగి తెచ్చుకుంటాం. పిల్ల పోతే ఎవర్నడుగుతామే? నా పిల్ల రేపు ఈ గదిలోకి రాదు," అంది.

తక్కినవాళ్ళూ లేచారు. పలకలు, చాపలు, చద్ది గిన్నెలు ఎత్తుకుని మంచె పడమటి అంచున ఉన్న మా వరండాకు మోసుకొచ్చారు. హాజరు పెట్టెను మాత్రం గోడకే వదిలేశాం. దానికేం భయం, దాని దగ్గర నాలుగు వందల పన్నెండు ఉన్నాయి.

అమావాస్య

పగటిపూట పోటు. వరండాలో ఎక్కాలు చెప్పిస్తున్నాను. పదమూడో ఎక్కం సగంలో ఉండగా శబ్దం వచ్చింది. పెద్ద చప్పుడేం కాదు, తడి బట్ట బండకేసి బాదినట్టు. చూసేసరికి తూర్పు మూల లేదు. ఆరో కాలు నడుం దగ్గర విరిగి, బడి గది మొహం నీళ్ళలో పెట్టి, కాసేపు అలాగే ఆగి, మెల్లగా జారిపోయింది. హాజరు పెట్టె గోడతో పాటు వెళ్తూ, పదిహేడు మంది గైర్హాజరు, అని మూడుసార్లు అరిచింది. దాని జన్మలో చెప్పిన ఒకే ఒక్క నిజం, ఆధారం లేకుండా చెప్పింది.

పిల్లలు ఏడవలేదు. నూకరత్నం వాళ్ళ అమ్మ పరుగెత్తుకొచ్చి దాన్ని ఎత్తుకుని, ఎనిమిదేళ్ళ పిల్లను చంటిదాన్నెత్తినట్టు చంకనేసుకుని, ఎక్కడికీ వెళ్ళకుండా మా వరండాలోనే అటూ ఇటూ తిరిగింది. నేను ఎక్కం ఆపలేదు.

శ్రావణ శుద్ధ విదియ

సత్తిపండు వచ్చాడు. రెండు రోజులుగా మండలి భవనంలో తలుపు వేసుకుని ఉన్నాడు. నీళ్ళ కోత ఊసు ఎత్తలేదు. పెట్టె ఇప్పుడు కొత్త పాట అందుకుందట. పిల్లలు తెడ్డుతో గుల్లలు కదపడం వల్లే కాలు విరిగిందని. నిన్నటికి ముప్పై ఆధారాలు, ఇవాళ్టికి నూట యాభై.

"ఇప్పుడేం చెయ్యమంటావు పెద్దమ్మా? ఏడో కాలు మీద మనుషుల ఇళ్ళు ఉన్నాయి. అది బాగుందంటావా, బాలేదంటావా? నువ్వు ఒక్క మాట చెప్పు, అదే మండలిలో పెట్టిస్తాను," అన్నాడు. మొహం పీక్కుపోయింది.

ఏం జనమో. పెట్టె పోతే పెద్దమ్మ. మనిషికి మెడ మీద తల ఎందుకు పెట్టారో వీళ్ళ వంశంలో ఎవరూ ఆలోచించినట్టు లేదు.

"నేను చెప్పను," అన్నాను. "పాటు దిగింది. నిచ్చెన అక్కడుంది. దిగి చూసుకో."

వాడు నిచ్చెన వైపు చూశాడు, తన ఇస్త్రీ బట్టల వైపు చూశాడు, వరండాలో బారుగా కూర్చుని తనను గమనిస్తున్న పదిహేడు మందిని చూశాడు. చెప్పులు విడిచాడు. యాభై ఏళ్ళ మనిషి, ఒక్కొక్క మెట్టూ కాలితో తడుముకుంటూ కిందకు దిగాడు. పిల్లలందరూ మంచె అంచున బోర్లా పడుకుని తొంగి చూశారు. నేను కళ్ళజోడు పెట్టుకున్నాను.

నడుం లోతు నీళ్ళలో నిలబడి ఏడో కాలిని చేత్తో పట్టుకున్నాడు. గుల్లలు కోసుకున్నాయి కాబోలు, చేయి విదిల్చాడు. మళ్ళీ పట్టుకున్నాడు. గుప్పిట్లోకి వచ్చినంత గుల్లల పొర లాగి పారేశాడు. ఆ వెనక ఏముందో మాకు కనపడలేదు. వాడు మాత్రం అలాగే చూస్తూ ఉండిపోయాడు. పోటు తిరిగి, నీరు ఛాతీ దాకా వచ్చేవరకు కదల్లేదు.

పైకి వచ్చాడు. అరచేయి చీరుకుపోయి నెత్తురు కారుతోంది, గోళ్ళ నిండా తుప్పు. వాడు పుట్టిన దగ్గర్నుంచి ఎరుగుదును. ఏమడిగినా నోటి వెంట అంకె రాకుండా మాట్లాడటం చూడటం అదే మొదటిసారి.

"ఆ ఇళ్ళు ఖాళీ చేయించాలి," అన్నాడు.

నూకరత్నాన్ని లోపలికి పంపి పసుపు డబ్బా తెప్పించాను. చెయ్యి చాపమంటే చిన్నపిల్లాడిలా చాపాడు. మంటకు మొహం చిట్లించుకుంటూనే, గుల్లలు గీకే పారలు మళ్ళీ పోయించడానికి ఎన్నాళ్ళు పడుతుందని పిల్లలను అడగడం మొదలుపెట్టాడు, వాళ్ళకేదో తెలిసినట్టు.